టర్బో ఇంజిన్లే లోకంగా ఉన్న అబ్బాయి: కోర్సా, పై చదువా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాడు. మార్కులు బాగానే వస్తున్నాయి గానీ ధ్యాసంతా టర్బో (పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే పరికరం) ఉన్న కార్ల ఇంజిన్ల మీదే. ఒక స్నేహితుడితో కలిసి పాత రెండు లీటర్ల మిత్సుబిషి 4జీ63 టర్బో ఇంజిన్‌ను కొని విప్పి పెట్టుకున్నాడు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మార్చి సీసీ (సిలిండర్ల మొత్తం పరిమాణం) పెంచాలా, ఉన్న సీసీతోనే బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) పెంచాలా అని ఇద్దరికీ రోజూ ఇదే కబుర్లు. డిగ్రీ కాగానే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్‌లో కొద్ది నెలల కోర్సు చేసి దాన్నే వృత్తిగా పెట్టుకుంటానంటున్నాడు. పెట్రోలు ఇంజిన్లకే కాలం చెల్లుతోందంటున్న రోజుల్లో ఇది తెలివైన పనేనా? ఆ కోర్సు మేలా, పై చదువు మేలా పోల్చి చెప్పండి. వీలైతే ఇదంతా మాని సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమని మీరే వాడికి నచ్చజెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇంజిన్ల పేరు మీద, విమానాల పేరు మీద, యానిమేషన్ పేరు మీద ఈ ఉత్తరం నాకు తరచూ వస్తూనే ఉంటుంది. పిల్లవాడు మనసు పెట్టిన పని వాడి జీవితకాలం నిలుస్తుందా, లేక నడిమధ్యలో వాడిని వదిలేసి మాయమవుతుందా అన్నదే ఆ ఉత్తరాలన్నింటి అడుగున ఉండే భయం. ఆ భయానికి జవాబు చెబుతాను. అయితే మీరు కబుర్లని తీసిపారేసిన ఆ చర్చ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మీ అబ్బాయి ఏ పనికి పనికొస్తాడో తేల్చే ఆధారం మీ ఉత్తరంలో అదొక్కటే.

ఆ ఇంజిన్‌లో సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, 85 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88 మిల్లీమీటర్లు, మొత్తం 1997 సీసీ. దాని పెద్దన్న లాంటి 4జీ64 ఇంజిన్‌లోని 100 మిల్లీమీటర్ల స్ట్రోకు క్రాంక్‌ను ఇందులో అమరిస్తే అదే బోరుతో సుమారు 2270 సీసీ అవుతుంది. దానివల్ల లాభం లేకపోలేదు. పొగగొట్టంలోకి వెళ్లే వాయువు పెరుగుతుంది కాబట్టి టర్బో త్వరగా పుంజుకుంటుంది, అంతే శక్తిని తక్కువ బూస్ట్‌తో రాబట్టవచ్చు. నష్టం పిస్టన్ దగ్గర కనిపిస్తుంది. నిమిషానికి 8000 చుట్ల దగ్గర పాత స్ట్రోకుతో పిస్టన్ సగటు వేగం సెకనుకు దాదాపు 23.5 మీటర్లయితే, కొత్త స్ట్రోకుతో అది 26.7 మీటర్లకు చేరుతుంది. మళ్లీ పాత వేగానికి రావాలంటే 7000 చుట్ల దగ్గరే ఆగాలి. పిస్టన్ పైకి చేరి కిందికి మళ్లే క్షణంలో, దాన్ని క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను సాగదీసే బలం చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఆ చివరి వెయ్యి చుట్లు చూపుకు కనిపించేంత చిన్నవి కావు. పైగా బ్లాకు ఎత్తు మారదు కాబట్టి, 150 మిల్లీమీటర్ల పాత రాడ్ పొడవునే ఉంచుకుంటే పిస్టన్‌ను రాడ్‌కు కలిపే పిన్ను 6 మిల్లీమీటర్లు పైకి, పిస్టన్ చుట్టూ సీలుగా ఉండే రింగుల వైపుకు జరపాల్సి వస్తుంది. రాడ్ మరింత ఏటవాలుగా ఊగుతూ పిస్టన్‌ను సిలిండర్ గోడ మీదికి గట్టిగా ఒత్తుతుంది.

సీసీ కదపకుండా బూస్ట్ పెంచే దారిలో భారం వేరే చోట పడుతుంది. సిలిండర్‌లో పీడనం, వేడి రెండూ పెరుగుతాయి. మంట చేరకముందే మూలన మిగిలిన ఇంధనం, గాలి మిశ్రమం తనంతట తాను అంటుకునే నాకింగ్ మొదలైతే పిస్టన్ రింగుల మధ్య ఉండే పలుచని గట్టు విరిగిపోవడానికి ఎంతోసేపు పట్టదు. వేడికి రింగు సాగుతుందని ముందే లెక్కవేసి దాని కొసల మధ్య సందు కొంచెం ఎక్కువగా వదలకపోతే, కొసలు రెండూ ఒకదానికొకటి తగిలి అదే గట్టును పగలగొడతాయి. పిస్టన్ లోహం ఎంపిక కూడా ఇలాంటి బేరమే. సిలికాన్ ఎక్కువగా ఉండే 4032 అల్యూమినియం మిశ్రమం తక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సిలిండర్ గోడకు ఇరుకు సందుతో నిశ్శబ్దంగా ఎక్కువ కాలం నడుస్తుంది, 2618 మిశ్రమం నాకింగ్ దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది గానీ ఎక్కువ సందు అడుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు టకటకమని చప్పుడు చేస్తుంది, త్వరగా అరుగుతుంది. రోడ్డు మీద రోజూ తిరిగే కారుకైతే కొంచెం ఎక్కువ సీసీ, మితమైన బూస్ట్, తక్కువ చుట్లు అన్న కూర్పు వైపే నేను మొగ్గుతాను. మీవాడు ఒప్పుకోకపోవచ్చు, వాదించనివ్వండి.

ఈ వృత్తిలో పెద్ద పేరున్న ఇంజిన్ల సీసీని కూడా ఒక్కోసారి ఇంజినీర్లు కాక నిబంధనల పుస్తకమే నిర్ణయించింది. నిస్సాన్ ఆర్‌బీ26 ఇంజిన్‌కు 2568 సీసీ ఎందుకు వచ్చిందో చూడండి. గ్రూప్ ఎ అనే కార్ల పందేల్లో టర్బో ఇంజిన్ల సీసీని 1.7తో గుణించి తరగతిని నిర్ణయించేవారు, అలా గుణిస్తే 4366 వచ్చి 4500 సీసీ హద్దులోపు సరిపోయేది. 1983లో డ్రైవర్ నెల్సన్ పికేకు ఫార్ములా వన్ ప్రపంచ టైటిల్ తెచ్చిన బీఎండబ్ల్యూ 1.5 లీటర్ల టర్బో ఇంజిన్, మామూలు కార్లలో వాడిన ఇనుప బ్లాకు ఆధారంగా తయారైనదే. ఆ కాలంలో అర్హత పోటీ కోసం సిద్ధం చేసిన ఇంజిన్ కొద్ది ల్యాపులు బతికితే చాలు. అదే ఫార్ములా వన్‌లో 2014 నుంచి 1.6 లీటర్ల ఇంజిన్‌కు గంటకు 100 కిలోలకు మించి ఇంధనం అందకూడదన్నారు, ఒక్కో ఇంజిన్ అనేక పందేలు తట్టుకోవాలన్నారు. శక్తిని వెతికేవాళ్ల కంటే మన్నికను లెక్కగట్టేవాళ్లకే అక్కడ పని పెరిగింది. 2019లో వచ్చిన మెర్సిడెస్ ఏఎంజీ ఎం139 ఇంజిన్ 1991 సీసీతో 421 హార్స్‌పవర్ ఇస్తూ, వారంటీ ఇచ్చి అమ్మే కారులో పని చేస్తుంది. ఒక్కరోజు అంత శక్తి రాబట్టడం ఇప్పుడు గొప్ప విషయం కాదు, ఏళ్ల తరబడి అది చెడకుండా చూడటమే ఉద్యోగం.

ఇక మీవాడు మనసు పడ్డ ట్యూనింగ్ కోర్సు సంగతికి వస్తాను. ఇది ఇప్పుడు మహా మోజుగా ఉన్న దారి. దీని మీద నాకు ఉన్న అనుమానాలను దాచుకోను. ల్యాప్‌టాప్ తగిలించి ఇంధనం, స్పార్కు పట్టికల్లో అంకెలు మార్చడం కొద్ది నెలల్లో నేర్పవచ్చు. ఏ అంకె ఎందుకు మార్చకూడదో అంత త్వరగా నేర్పలేరు. డైనో (శక్తిని కొలిచే యంత్రం) మీద నిలబెట్టిన రోజున వచ్చిన హార్స్‌పవర్ కాగితాన్ని అందరూ ఫొటో తీసి పెడతారు, అదే ఇంజిన్ నూనెలోకి లోహపు పొడి రాల్చిన రోజున ఫొటో తీసేవారు ఉండరు. రింగు గట్టు విరిగి వచ్చిన కస్టమర్ ముందు ఈ కోర్సు సర్టిఫికెట్ ఏ రక్షణా ఇవ్వదు. తప్పు పట్టికదా, విడిభాగానిదా, గ్యాస్కెట్‌దా అన్నది తేల్చాలంటే విరిగిన ముక్కను చదవగలగాలి, ఆ చదువు ఆ కోర్సులో ఉండదు. చట్టం కూడా ఉంది. కాలుష్య నియంత్రణ పరికరాలను తప్పించేలా ఇంజిన్‌ను మార్చడం చాలా దేశాల్లో నేరం. అమెరికాలో స్వచ్ఛ వాయు చట్టం కింద ఇలాంటి సాధనాలు అమ్మిన ట్యూనింగ్ సంస్థల మీద భారీ జరిమానాలు పడ్డాయి. ఈ వృత్తిలో నిజాయితీగా, నైపుణ్యంతో బతుకుతున్నవాళ్లు లేరని నేను అనడం లేదు. వాళ్లలో ఎక్కువమంది ముందు ఏళ్ల తరబడి ఇంజిన్లు విప్పి, కొలిచి, బిగించినవాళ్లే, ట్యూనింగ్ వాళ్లకు చివర వచ్చిన విద్య.

కార్ల కంపెనీల్లో కాలిబ్రేషన్ అనే పని దీనికి పైపైన చూస్తే కవల లాగా కనిపిస్తుంది గానీ పూర్తిగా వేరు. గడ్డకట్టే చలిలో, మండుటెండలో, ఎత్తయిన కొండల మీద ఒకే ఇంజిన్ ఒకేలా నడవాలని, పొగ హద్దు దాటకూడదని నెలల తరబడి పరీక్షిస్తారు. అక్కడ కోడింగ్, నియంత్రణ సిద్ధాంతం, గణాంకాలు అన్నీ కావాలి. అమ్మా, మీరు వాడిని తరమాలనుకుంటున్న సాఫ్ట్‌వేర్ వాడు ఇష్టపడుతున్న పనిలోనే సగం ఉందని మీరు ఒక్కసారైనా వాడిని అడిగి తెలుసుకున్నారా? పోల్చి చెప్పమని రాశారు గానీ, తీర్పు ముందే రాసుకుని కింద నా సంతకం అడిగారు. అది నేను పెట్టను. ఇంజిన్ ముక్కలు ఇంట్లో పరుచుకుని, ఎవరూ అడగకుండా సీసీ, బూస్ట్ గురించి రోజూ చర్చిస్తున్న కుర్రవాడిని బలవంతంగా మళ్లిస్తే మంచి ప్రోగ్రామర్ దొరకడం అనుమానమే, మంచి ఇంజినీరు పోవడం మాత్రం ఖాయం.

పెట్రోలు ఇంజిన్లు పోతాయా అన్న భయం అర్థం లేనిది కాదు. 2035 నుంచి అమ్మే కొత్త కార్లు కార్బన్ డయాక్సైడ్ వెలువరించకూడదని ఐరోపా సమాఖ్య 2023లో నిబంధన ఆమోదించింది, ఆ తరువాత దాన్ని సడలించాలన్న వాదనలూ మొదలయ్యాయి. 2026 ఫార్ములా వన్ నియమాలు 1.6 లీటర్ల టర్బోను ఉంచుతూనే దాదాపు సగం శక్తిని విద్యుత్తుకు అప్పగించాయి. ఏది ఏ వేగంతో జరుగుతుందో ఎవరూ రాసి ఇవ్వలేరు. కానీ లోహం అలసిపోయి ఎందుకు విరుగుతుంది, బేరింగ్‌లో నూనె పొర ఎప్పుడు తెగుతుంది, వేడిని ఎలా బయటికి లాగాలి అన్న ప్రశ్నలకు ఇంధనంతో పని లేదు. నిమిషానికి 15 వేల చుట్లు దాటే విద్యుత్ మోటార్ల గేర్లకూ, బ్యాటరీ శీతలీకరణకూ ఇవే ప్రశ్నలు. హైడ్రోజన్‌తో విద్యుత్తు తయారుచేసుకునే ఫ్యూయల్ సెల్ వాహనాల్లో గాలిని నెట్టే కంప్రెసర్లను టర్బోచార్జర్లు తయారుచేసే కంపెనీలే రూపొందిస్తున్నాయి. హార్స్‌పవర్ అంకె వెంట పరుగెత్తేవాడి పని ఇరుకైపోతుందేమో గానీ, మన్నికను చదివినవాడికి రేపు కూడా చోటుంటుంది. మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

కాబట్టి మీరు అడిగిన పోలికకు నా జవాబు చిన్నదే. డిగ్రీ పూర్తి చేయాలి, పై చదువుకు వెళ్తే లోహశాస్త్రం, పరీక్షా విధానాలు, నియంత్రణ వ్యవస్థలు గట్టిగా ఉన్న చోటే వెళ్లాలి, ట్యూనింగ్ కోర్సు కావాలంటే ఆ తరువాత చేయవచ్చు. కాలేజీలో, విద్యార్థులే రేసు కారు తయారుచేసి పోటీపడే ఫార్ములా స్టూడెంట్ జట్టు ఉంటే వెంటనే చేరమనండి. అక్కడ పెట్రోలు ఇంజిన్‌కు 710 సీసీ హద్దు, గాలి లోపలికి వెళ్లే దారిలో 20 మిల్లీమీటర్ల ఇరుకు ఉంటాయి. మీవాడి చర్చంతా ఆ హద్దుల మధ్య ఇంకా పదునుగా నడుస్తుంది. సెలవుల్లో ట్యూనింగ్ షాపుకు బదులు సిలిండర్లకు బోరింగ్ (లోపల తొలవడం), హోనింగ్ (నునుపు చేయడం) చేసే మెషిన్ షాపులో పని అడగమనండి. సిలిండర్ హెడ్ బిగించినప్పుడు బోరు ఎంత వంకరపోతుందో, అందుకే హోనింగ్ చేసేటప్పుడు హెడ్‌కు బదులు మందపాటి పలకను ఎందుకు బిగిస్తారో అక్కడ కళ్లారా చూస్తాడు.

ఇంట్లో విప్పి ఉన్న ఇంజిన్ విషయంలో వాడికి ఒక్క మాట చెప్పండి. క్రాంక్ కొనే ముందు, ఈ ఇంజిన్ ఎంత దూరం, ఎన్ని చుట్ల దగ్గర, ఎంత బూస్ట్‌తో చెడకుండా నడవాలో ఒక కాగితం మీద రాయాలి. ఆపైన నాలుగు సిలిండర్ల బోరునూ పైన, నడుమ, కింద మూడేసి చోట్ల బోర్ గేజ్‌తో కొలిచి, బేరింగ్ సందులతో సహా అదే కాగితం మీద నమోదు చేయాలి. సీసీ పెంచాలా, బూస్ట్ పెంచాలా అన్నది ఆ అంకెలు చేతికి వచ్చాక తేల్చుకోవాల్సిన విషయం. ఆ కాగితం సిద్ధమైన రోజున మీవాడిని నేరుగా నాకు రాయమనండి.