రోడ్డు పక్క కాకులకు కరువు లేదా?

ప్రశ్న: మండు వేసవిలో మా చెరువు ఎండిపోయి కొంగలన్నీ వెళ్లిపోయినా, హైవే దాబాల దగ్గర కాకులు మాత్రం తగ్గవు, ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, రణస్థలం

జవాబు: వాటికి చెరువూ పొలమూ ఆ రోడ్డేనమ్మా. బండ్ల కింద పడి చచ్చిన ఉడతలు, పాములు, దాబా వాళ్లు పారేసిన అన్నం, కారే కుళాయి కింద నీళ్లు, గూటికి కరెంటు స్తంభం, ఇన్ని దొరికాక ఎండేం చేస్తుంది? అమెరికాలోని మొహావీ ఎడారిలో కాకి జాతికే చెందిన రావెన్లు ఇలాగే రోడ్లు, చెత్తకుప్పల అండతో విపరీతంగా పెరిగి, డొప్ప ఇంకా గట్టిపడని ఎడారి తాబేలు పిల్లల్ని పొడుచుకు తింటున్నాయి, అసలే ఆ తాబేళ్లు తగ్గిపోతున్నాయి, నా బాధంతా అదే. కాకుల్ని తిట్టకండి. మిగిలిన అన్నాన్ని మూత ఉన్న డబ్బాలో వేయమని దాబా వాళ్లకు చెప్పండి.