పాత బొలేరో పికప్ పొద్దున్నే లేవకపోతే పంపు దింపే ముందు పైపు చూడండి

మీరు అడిగింది చదివాక రాయకుండా ఉండలేకపోయానండి. 2009 మోడల్ బొలేరో పికప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ లేవట్లేదు, లోడుతో వెళ్తుంటే ఒక్కోసారి మధ్యలో ఆగిపోతోంది, మెకానిక్ ఏమో ఇంజనుకి డీజిల్ కొట్టే పెద్ద పంపు దింపాలంటున్నాడు, ఇంటి దగ్గర నేనే ఏమేం చేసుకోవచ్చు అన్నారు కదా. అచ్చం ఇదే జబ్బు నా బండికీ వచ్చింది. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, సొంత చెరువు ఉంది, నాది 2008 మోడల్, 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజను, పంపు పూర్తిగా మెకానికల్, అంటే కంప్యూటర్ లేనిది. మీ బండి కూడా అదే రకమైతే నేను చెప్పేది చాలావరకు పనికొస్తుంది. ఇంజను కామన్ రైల్ (నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి బాగా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ వెళ్లే కంప్యూటర్ రకం) అయితే మాత్రం కింద ఒక హెచ్చరిక రాశాను, అది చదవకుండా పానా పట్టుకోకండి.

నా కథ ముందు చెప్తాను, ఎందుకంటే మీ డబ్బులు మిగలాలంటే అదే ముఖ్యం. ఓసారి పట్టుబడి (చెరువులో చేపలు పట్టే) రోజు తెల్లారుజామున నాలుగింటికి శీలావతి, బొచ్చె చేపలు ట్రేలలో ఐసు వేసి లోడ్ చేసుకుని బయలుదేరాం, ఉండి ఊరు దాటకముందే ఇంజను రెండుసార్లు దగ్గినట్టు అయ్యి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ అంటుకోవట్లేదు. వేరే బండి వచ్చి సరుకు మార్చేసరికి ఐసు సగం కరిగిపోయింది, చేపకి రేటు తగ్గించేశారు. ఆ తర్వాత నెలన్నర పాటు ఇదే గొడవ. ఒక మేస్త్రి ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) మార్చాడు, ఇంకొకాయన సెల్ఫ్ మోటారు వైండింగ్ చేయించాడు, మూడో చోట నాజిళ్లు (ఇంజనులోకి డీజిల్ చిమ్మే ముక్కులు) దింపి సర్వీస్ చేశారు, అన్నీ కలిపి 14 వేలు దాకా అయ్యాయి. ప్రతిసారీ రెండు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. రెండు రోజులు ఎందుకు బాగుండేదంటే రిపేర్ చేసినప్పుడల్లా వాళ్లు డీజిల్ లైన్లో చేరిన ఎయిర్ (గాలి) తీసేవాళ్లు, జబ్బు పోయినట్టు కనపడేది. ఇది నాకు తర్వాత అర్థమైంది.

చివరికి మా బాబాయ్ పట్టుకున్నాడు. ఆయన ఇరవై ఏళ్లు ట్రాక్టర్లు నడిపిన మనిషి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి వచ్చే రబ్బరు పైపు చేత్తో వంచి చూపించాడు, క్లిప్పు కింద వెంట్రుకంత పగులు. ఒక్క చుక్క డీజిల్ కూడా కారట్లేదు, అందుకే ఎవరి కంటా పడలేదు. కారణం ఏంటంటే ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య డీజిల్‌ని పంపు లాక్కుంటుంది, నెట్టదు. లాక్కునే వైపు పగిలితే డీజిల్ బయటికి కారడం కంటే గాలి లోపలికి పోవడమే ఎక్కువ. రాత్రంతా బండి నిలబడితే ఆ గాలి దారిలో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున లైను ఖాళీ, అందుకే అంతసేపు సెల్ఫ్ కొట్టాలి. లోడు మీద ఇంజను ఎక్కువ డీజిల్ అడుగుతుంది, పంపు గట్టిగా లాగుతుంది, గాలి ఇంకా ఎక్కువ దూరుతుంది, ఆగిపోతుంది. రెండు అడుగుల పైపు, రెండు కొత్త క్లిప్పులు, మొత్తం 150 రూపాయలు. ఆ రోజు నుంచి ఇప్పటికీ ఆ జబ్బు మళ్లీ రాలేదండి.

మీరు ఇలా చూసుకోండి. ఒక శుభ్రమైన క్యాన్‌లో ఐదు లీటర్ల డీజిల్ పోసి ఇంజను పక్కన పంపు ఎత్తులోనే కదలకుండా కట్టి, ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి దాని బదులు క్యాన్ నుంచి కొత్త పైపు ఫీడ్ పంపుకి పెట్టండి, రిటర్న్ పైపు (మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే పైపు) కూడా క్యాన్‌లోకే వదలండి, ఆ పని ఇంజను చల్లగా ఉన్నప్పుడే చెయ్యండి, పక్కన బీడీ సిగరెట్ కాల్చేవాళ్లని రానివ్వకండి. కింద చెప్పినట్టు ఎయిర్ తీసి, ఒక రాత్రి అలాగే ఉంచి పొద్దున స్టార్ట్ చెయ్యండి. టక్కున అందుకుందంటే జబ్బు ట్యాంకుకీ పంపుకీ మధ్యనే ఉంది, పైపో, క్లిప్పో, ట్యాంకులో జల్లెడో. క్యాన్ పెట్టినా అలాగే ఉంటే అప్పుడు మెకానిక్ చెప్పిన పంపు గురించి ఆలోచించొచ్చు. ఇంకో పద్ధతి, మధ్యలో ఒక జానెడు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు పెట్టి ఇంజను ఆన్ చేసి చూడటం, బుడగలు వస్తుంటే గాలి లాగుతోందని అర్థం. ఆ ప్లాస్టిక్ పైపు చూడ్డానికి మాత్రమే, అలాగే వదిలేయకండి, కొన్నాళ్లకి డీజిల్‌కి గట్టిపడి పగులుతుంది.

పైపు మార్చాక ఎయిర్ తీయాలి. ఫిల్టర్ మీదో ఫీడ్ పంపు మీదో చేత్తో నొక్కే చిన్న పంపు ఉంటుంది, ఫిల్టర్ పైన ఉన్న ఎయిర్ స్క్రూ కాస్త వదులు చేసి కింద గుడ్డ పెట్టి ఆ పంపు కొడుతూ ఉండండి, ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగల్లేకుండా సాఫీగా డీజిల్ వస్తుంది, అప్పుడు పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. బిగించేటప్పుడు బలం చూపించకండి, ఆ స్క్రూల మరలు చాలా సున్నితం. అప్పటికీ లేవకపోతే నాజిల్‌కి వెళ్లే ఇనప గొట్టాల నట్లు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొడితే డీజిల్ చిమ్ముతుంది, అప్పుడు ఒక్కోటీ బిగించుకుంటూ వస్తే ఇంజను అందుకుంటుంది. ఇదిగో హెచ్చరిక: ఈ చివరి పని కామన్ రైల్ ఇంజను మీద చెయ్యనే చెయ్యొద్దు. దాంట్లో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది, సన్నగా చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని చేతిలోకి దిగిపోతుంది, వేలే తీసేయాల్సి రావచ్చు. సెల్ఫ్ కూడా ఒక్కసారికి పది పదిహేను సెకన్లకి మించి కొట్టకండి, మధ్యలో నిమిషం ఆగండి, లేకపోతే మోటారు కాలిపోతుంది.

ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటే వానాకాలంలో పదిహేను రోజులకోసారి ఒక గాజు గ్లాసులోకి వదిలి చూడండి, నీళ్లుంటే అడుగున వేరుగా కనపడతాయి.

ఇక సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంటే బ్యాటరీ మార్చెయ్యమంటారు, ఆగండి. మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, పాత బండి ఉన్నవాడికి అంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు. రాత్రి నిలబెట్టిన బండికి పొద్దున బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. అవి బాగుండి సెల్ఫ్ మాత్రం మూలుగుతుంటే ఇంజను నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ వైరు చూడండి. నా బండికి ఆ వైరు బోల్టు కింద మొత్తం తుప్పు. విప్పి, ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీసు రాశాను, అంతే. టెర్మినళ్ల మీద తెల్లగా పచ్చగా పూసే పొడికి వంటసోడా కలిపిన వేడి నీళ్లు చాలు, కడిగి ఆరాక వాజిలైన్ రాయండి. విప్పేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు చివర్లో మైనస్.

తుప్పు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, మా ప్రాంతంలో బండ్లని తినేసేది అదే. రొయ్యలు, చేపలు తోలే బండ్లలో ఐసు నీళ్లూ ఉప్పూ కలిసి బాడీ రేకు కిందకి దిగి ఛాసిస్ మీద, బ్రేకు పైపుల మీద కారుతూనే ఉంటాయి. మీరు ఏం తోలుతారో రాయలేదు, ఎరువు బస్తాలైనా ఇంతే, ఎరువు రాలి తడి తగిలితే ఇనుము ఆగదు. ప్రతి లోడు తర్వాత మంచి నీళ్లతో కింద వైపు కూడా కొట్టి కడగండి, బాడీ రేకుకి నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోకుండా పుల్లతో పొడవండి. తుప్పు పొక్కులు కనపడగానే వైర్ బ్రష్‌తో గీకి రెడ్ ఆక్సైడ్ వేసి పైన పెయింట్ వేస్తే ఏళ్ల తరబడి ఆగుతుంది. చాలామంది కాలిన ఇంజనాయిల్ ఛాసిస్‌కి పూస్తారు, నేను వద్దంటాను, రబ్బరు పైపులకీ బుష్‌లకీ మంచిది కాదు, పైగా వాన పడితే కారి కాలవలోకీ చెరువులోకీ పోతుంది. చేపలు పెంచేవాణ్ణి, ఆ నూనె తెట్టు నీటి మీద చూస్తే నా ప్రాణం విలవిల్లాడిపోతుంది. పాత ఆయిల్ కొనేవాళ్లు ఉంటారు, క్యాన్‌లో పట్టి వాళ్లకి ఇచ్చేయండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. పోసిన కొద్దీ లోపల సున్నం పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పొయ్యండి, వేడి మీద మూత తిప్పకండి. ఇంకోటి, మన దగ్గర బండి వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే తలుపు లాంటిది) పీకి పక్కన పెట్టేయడం అలవాటు. అది తీసేస్తే ఇంజను ఎక్కాల్సిన వేడి ఎక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. మీరు కొన్న బండికి అది ఉందో లేదో విప్పి చూడండి. ఉంటే వేడి నీళ్ల గిన్నెలో వేసి తెరుచుకుంటుందో లేదో చూడొచ్చు.

గ్రీసు గన్ను కొనుక్కోండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాలకి తిరుగుడు అందించే రాడ్డు) క్రాసులకి, అంటే దాని కీళ్లకి, కమాన్ కట్టల పిన్నులకి గ్రీసు ఎక్కించే నిపుల్స్ ఉన్నచోటల్లా నెలకోసారి పాత గ్రీసు బయటికొచ్చేదాకా కొట్టండి. బండి కదిలించేటప్పుడు కింద టక్కుమని శబ్దం వస్తే ముందు ఆ క్రాసే చూడాలి. కమాన్ కట్టలు విప్పి బిగించిన తర్వాత వంద కిలోమీటర్లు లోడుతో తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

బండి కిందకి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. స్టాండ్లు పెట్టండి, లేకపోతే గట్టి కర్ర దుంగలు, ఇటుకలు మాత్రం వద్దు, అవి ఒక్కసారిగా పగిలిపోతాయి. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి, ఇంట్లో ఎవరికైనా చెప్పి దూరండి. మా పక్క ఊళ్లో ఒక కుర్రాడు జాకీ జారి కాలు పోగొట్టుకున్నాడు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

బ్రేకుల్లో నేను చేసేది ఆయిల్ మార్చడం, ఎయిర్ తీయడం వరకే. బ్రేకాయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి, బండిలో బ్రేకాయిల్ డబ్బా మూత మీద ఏ డాట్ (DOT) నంబరు రాసుంటే అదే పొయ్యాలి. దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి, మన బండ్లకి అది వెనక ఎడమ చక్రం. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద స్క్రూ వదిలి బిగించాలి, స్క్రూ బిగించేదాకా పెడల్ వదలకూడదు. నాకు మా అబ్బాయి తొక్కుతాడు, నేను కింద నుంచి "తొక్కు, పట్టు, వదులు" అని అరుస్తుంటాను. డ్రమ్ములో దుమ్ము నోటితో ఊదకండి, గాలి కొట్టించకండి, తడి గుడ్డతో తుడవండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఒకరోజు పెడల్ మామూలు కంటే కిందకి దిగినట్టనిపించి వంగి చూస్తే వెనక బ్రేకు పైపు తుప్పు తిన్నచోట తడిగా ఉంది. ఆ పైపు నేను ముట్టుకోలేదు, బండి అక్కడే ఆపి తెలిసిన మేస్త్రిని పిలిపించి మొత్తం లైన్ కొత్తది వేయించాను. బ్రేకు పైపు, స్టీరింగ్, హెడ్ గాస్కెట్, గేర్ బాక్స్, నాజిల్ టెస్టింగ్, పంపు కాలిబ్రేషన్ ఇవి ఇంటి దగ్గర పనులు కావండి, ముఖ్యంగా పంపుకి టెస్ట్ బెంచి (పంపుని బిగించి పరీక్షించే మిషను) కావాలి. సామాన్లకి నేను విజయవాడ ఆటోనగర్ వెళ్తాను, పాతది పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చుకుని కొంటాను. మీ బండి ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా, దానికి నెల ముందు ఈ బ్రేకులు, లైట్లు, తుప్పు పనులన్నీ పెట్టుకుంటే చివర్లో పరుగులుండవు.

రేపు పొద్దున ఒక పని చెయ్యండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ దగ్గర ఎవర్నైనా నిలబెట్టండి. అసలు పొగే రాకపోతే ఇంజనుకి డీజిల్ చేరట్లేదు, నేను చెప్పిన పైపు దగ్గర మొదలుపెట్టండి. తెల్లపొగ దట్టంగా వస్తూ అంటుకోకపోతే డీజిల్ చేరుతోంది కానీ మండట్లేదు, అప్పుడు సెల్ఫ్ వేగం, నాజిళ్లు, కంప్రెషన్ చూడాలి, అది వేరే దారి. ఏది వచ్చిందో, ఇంజను మెకానికల్ పంపుదా కామన్ రైలా, రెండూ ఇక్కడ రాయండి, తర్వాత ఏం విప్పాలో దాన్నిబట్టి చెప్తాను.