రె: వేల్స్‌లోని బ్రెకన్ దగ్గర పాత రాతి ఇల్లు, ఇంజెక్షన్ (తడి పైకెక్కకుండా గోడలోకి ఎక్కించే కెమికల్) కొట్టించినా గోడ కింద తడే

మీ ఇంటి గోడలకి బయట సిమెంట్ ప్లాస్టరింగ్ ఉందన్నారు కదా, ఇంజెక్షన్ తర్వాత కూడా తడి ఉందంటే తప్పు దాదాపుగా దానిదే అండి, వేల్స్ పాత ఫామ్‌హౌస్ గోడలు సుమారు రెండడుగుల మందం, రాళ్ల మధ్య సున్నమో మట్టో ఉంటుంది, పీల్చిన తడి బయటికి ఆరిపోవాలి, సిమెంట్ ఆ దారి మూసేస్తుంది.

1. ముందు బయట నేల చూడండి, అందరూ వదిలేసేది ఇదే. ఏళ్ల తరబడి మట్టి, కాంక్రీటు పేరుకుని లోపలి ఫ్లోర్ కంటే ఎత్తయిపోయుంటుంది. ఫ్లోర్ కంటే కనీసం 15 సెం.మీ. కిందికి ఉండేలా తీయించండి, మరీ లోతుగా తవ్వొద్దు, ఇలాంటి గోడలకి చాలాసార్లు సరైన పునాదే ఉండదు.

2. ఇల్లు లిస్టెడ్ (చారిత్రక కట్టడంగా చట్టం రక్షణ ఉన్నది) ఏమో చూసుకోండి. లిస్టెడ్ అయితే ప్లాస్టర్ మీద చెయ్యి వేసేముందే స్థానిక ప్లానింగ్ అథారిటీ (కౌన్సిల్ లేదా నేషనల్ పార్క్ అథారిటీ) పర్మిషన్ తీసుకోండి, పర్మిషన్ లేకుండా చేయిస్తే క్రిమినల్ నేరం.

3. సిమెంట్ చెక్కించాక నెలల పాటు ఆరనిచ్చి సున్నం ప్లాస్టర్. 5 డిగ్రీల లోపు చలిలో వద్దు.