తాళం అంటే కప్పా, చెవా?

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మా,

పత్రిక కోసం రాసి ఇచ్ఛాపురం నుంచి నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ అందాయి. థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనుల) పాఠాన్ని పలాస జీడిపిక్కల బట్టీలో, ఒకే కాటా చుట్టూ నలుగురు పనివాళ్ళను నిలబెట్టి మొదలుపెట్టావు. బాగుంది. బ్యాంకు ఖాతాలో వెయ్యి రూపాయల ఉదాహరణ చదివి చదివి విసిగిన ప్రాణానికి హాయిగా ఉంది. మెచ్చుకోలు ఇంతటితో సరి. మూడో పేజీకి వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. నీ వాక్యాలు నీకే చూపిస్తాను:

"థ్రెడ్ ముందుగా తాళం తీసుకుంటుంది. తర్వాత తాళం వేస్తుంది. పని ముగిశాక తాళం ఇచ్చేస్తుంది. అప్పటిదాకా మిగతా థ్రెడ్లు తాళం కోసం ఎదురుచూస్తాయి."

నాలుగు వాక్యాల్లో నాలుగు తాళాలు. మొదటిది చెవి, రెండోది కప్ప, మూడోది మళ్ళీ చెవి. నాలుగోది ఏదో ఎంత చూసినా తేలలేదు. మన ఇళ్ళలో "ఇంటికి తాళం వేశావా" అంటే కప్ప, "బండి తాళాలు ఎక్కడ పెట్టావు" అంటే చెవులు. ఎదురుగా తలుపో బండో ఉంటుంది కాబట్టి ఎవరికీ తికమక రాదు. ప్రోగ్రాములో తలుపూ లేదు, బండీ లేదు. బరంపురం బజారులో ఒడియాలో తాలా అడిగితే కప్ప ఇస్తారు, చాబి అడిగితే చెవి ఇస్తారు. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లవి, నీకు ఈ తేడా తట్టకపోవడమే నా బాధ.

దీనికి తోడు క్రియ ఒకటి. "తాళం తీసింది" అంటే వదిలేసింది. "తాళం తీసుకుంది" అంటే తన చేతిలోకి తెచ్చుకుంది. అయిదో పేజీలో "తీసుకుంది" ఉండాల్సిన చోట "తీసింది" అని పడింది. చేతి తప్పే కావచ్చు, అర్థం మాత్రం తలకిందులైంది. అందుకే పట్టడం, వదలడం అని రాయి. వస్తువును కప్ప అను. దాన్ని పట్టుకుని ఉన్న హక్కును చెవి అను.

ఇది తెలుగు ఇబ్బంది ఒక్కటే అనుకోకు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాడుకునే సిద్ధపు కోడు మూటలు, అదే లైబ్రరీలు, కట్టినవాళ్ళూ ఇక్కడే తడబడ్డారు. 2004లో జావా 5 తో వచ్చిన 'లాక్' అన్న పేరు కప్పది. సీ ప్లస్ ప్లస్‌లో 2011 ప్రమాణంతో వచ్చిన 'మ్యూటెక్స్' (ఒకసారికి ఒక్కరినే పట్టనిచ్చేది) కప్ప, 'యునీక్ లాక్' మాత్రం చేతిలో చెవి. అంటే అదే 'లాక్' మాట ఒక భాషలో కప్ప, ఇంకో భాషలో చెవి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వచ్చినవాడు మొదటి వారం తప్పు చేయక ఏం చేస్తాడు? రస్ట్‌లో పేర్లు తిన్నగా ఉన్నాయి: 'మ్యూటెక్స్' కప్ప, దాన్ని పడితే చేతికొచ్చేది 'మ్యూటెక్స్ గార్డ్'. పైగా కాపాడాల్సిన సమాచారం ఆ మ్యూటెక్స్ లోపలే ఉంటుంది. చెవి లేకుండా దాన్ని ముట్టుకోనివ్వదు.

చెవిని వస్తువుగా చేసిన భాషల్లో ఒక గోతిని నువ్వు అసలు చూపించలేదు. ఆ చెవి చలరాశిలో (వేరియబుల్‌లో) బతికున్నంతసేపే కప్ప మూసి ఉంటుంది. చలరాశికి పేరు పెట్టకుండా, సీ ప్లస్ ప్లస్‌లో ఇంకో చెవి అయిన 'లాక్ గార్డ్'ను మీసాల బ్రాకెట్లతో తయారుచేస్తే అది ఆ వాక్యం చివరి సెమికోలన్ దగ్గరే చనిపోతుంది. కప్ప పడింది, వెంటనే వదిలింది. తర్వాతి వరసలన్నీ కాపలా లేకుండా నడుస్తాయి, కంపైల్ మాత్రం అవుతుంది. 2017 ప్రమాణంలో వచ్చిన 'స్కోప్డ్ లాక్' ఒకేసారి ఎన్ని కప్పలనైనా ప్రతిష్టంభన (ఒకరికోసం ఒకరు ఆగి ఎవరూ కదలకపోవడం) లేకుండా పడుతుంది. ఎన్నైనా అంటే సున్నా కూడా! కప్ప పేరు ఇవ్వడం మరిచిపోయి ఖాళీగా ప్రకటిస్తే దేన్నీ పట్టదు, నోరెత్తదు. రస్ట్‌లో గార్డుకు ఒట్టి అండర్‌స్కోరు పెట్టినా ఇదే గతి, అక్కడికక్కడే వదిలేస్తుంది. అండర్‌స్కోరు తర్వాత ఒక్క అక్షరం ఉన్నా బ్లాకు చివరిదాకా పట్టుకుంటుంది. ఈ తప్పు కోసం కంపైలరులోనే ప్రత్యేకంగా తనిఖీ పెట్టారు.

నా పట్టు ఒక్కటే, దాన్ని ఎవరి కోసమూ వదలను. ఇలాంటి పనిముట్టు పేరు చూడగానే దాన్ని తీసేది ఎవరో తెలియాలి. ఎలా మూసుకుంటుందో తర్వాత చెప్పుకోవచ్చు. మన ఊళ్ళలో తలుపుకు మూడు రకాలు ఉంటాయి. తాళంకప్ప: వేసినవాడి దగ్గరే చెవి ఉంటుంది, వాడే తీయాలి. గొళ్ళెం: బయట ఉన్న ఎవడైనా తీస్తాడు. గడియ: లోపల ఉన్నవాడు తీస్తేనే వస్తుంది. ఈ మూడింటినీ 'తలుపు బిగించేది' అని ఒకే పేరుతో పిలిచే ఇల్లాలు ఎక్కడైనా ఉందా?

నీ ఆరో పేజీలో "విలువ 1 ఉన్న సెమఫోరే మ్యూటెక్స్" అన్నావు. కాదు. మ్యూటెక్స్ తాళంకప్ప. ఇంకా ఎందరిని లోపలికి రానివ్వొచ్చో లెక్క ఉంచుకునే సెమఫోర్ గొళ్ళెం. సెమఫోర్ మాటకు అసలు అర్థం రైలు పట్టాల పక్కన పైకీ కిందికీ వాలే చెయ్యి సిగ్నల్. ఆ పేరును 1960లలో డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ప్రోగ్రాముల్లోకి తెచ్చాడు. దానిమీద చేసే రెండు పనులకూ పి, వి అని ఒక్కో అక్షరమే పేరు, రెండూ డచ్చి మాటల తొలి అక్షరాలు. డచ్చి రానివాళ్ళకు ఏది పట్టేదో ఏది వదిలేదో గుర్తుండదు కాబట్టే తర్వాత ఒక్కొక్కరు ఒక్కో జత పెట్టారు: యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్‌లో వెయిట్, పోస్ట్. లినక్స్ కెర్నెల్‌లో డౌన్, అప్. పైథాన్‌లో ఎక్వైర్, రిలీజ్.

నౌపడా–గుణుపురం లాంటి సింగిల్ లైను తలుచుకుంటే తేడా తేలిగ్గా చెప్పొచ్చు. సింగిల్ లైన్ల మీద వాడిన బంతి టోకెను పద్ధతి ఇది: స్టేషన్లో యంత్రంలోంచి ఒక బంతి బయటికొచ్చి డ్రైవరు చేతికి వెళ్తుంది. అది మళ్ళీ యంత్రంలో పడేదాకా ఈ స్టేషన్లోనూ అవతలి స్టేషన్లోనూ రెండో బంతి రాదు. బంతిని ఇక్కడ తీసింది ఒకరు, అక్కడ వేసింది ఇంకొకరు. పట్టినవాడే వదలాలన్న నియమం లేదు, ఉంటే రైలు నడవదు. సెమఫోర్ స్వభావం ఇదే. నీ కాటాకు ఇది పనికిరాదు. తూస్తున్నవాడి చేతిలోంచి పక్కవాడు తీసేస్తే తూకం ఎవరి పేరున రాస్తారు?

ఇప్పుడు పైథాన్ చూడు. దాని 'లాక్' పేరుకు తాళంకప్ప, చేతకు గొళ్ళెం: ఏ థ్రెడ్ పట్టినా ఇంకే థ్రెడ్ అయినా వదలొచ్చు. పట్టినవాడే వదలాలంటే 'ఆర్‌లాక్' కావాలి. నీ తొమ్మిదో పేజీ కోడులో ఈ పేరే నిన్ను ముంచింది. అయిదు సెకన్లు ఆగుదామని ఎక్వైర్‌కు 5 ఒక్కటే ఇచ్చావు. అక్కడ మొదటి స్థానం గడువుది కాదు, ఆగాలా వద్దా అన్నది. 5 అంటే అవును అని తీసుకుని ఎప్పటికీ ఆగుతుంది. 'టైమౌట్' అని పేరు రాసి 5 ఇవ్వాలి. సరే, ఇచ్చావనుకో. గడువు దాటితే ఎక్వైర్ తప్పు ఎత్తి చూపదు, 'ఫాల్స్' తిరిగిస్తుంది అంతే. నువ్వు ఆ జవాబు చూడకుండా లోపలికి వెళ్ళి, చివర, ఏం జరిగినా నడిచే 'ఫైనలీ'లో రిలీజ్ చేస్తున్నావు. నువ్వు పట్టనే లేదు. నువ్వు వదిలింది ఇంకొకడు పట్టుకున్నది! మూడోవాడు దర్జాగా లోపలికి వస్తాడు. ఇప్పుడు కాటా మీద ముగ్గురు.

ఒట్టి సెమఫోర్‌లో కూడా ఇదే జబ్బు. మూడు డేటాబేస్ కనెక్షన్లకు 3 పెట్టి, ఒక్క రిలీజ్ ఎక్కువ చేస్తే లెక్క 4 అవుతుంది. నాలుగోవాడు లేని కనెక్షన్ కోసం లోపలికి వస్తాడు. 'బౌండెడ్ సెమఫోర్' అయితే ఎక్కువైన రిలీజ్ దగ్గరే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. లెక్క కట్టుదిట్టంగా ఉన్నదానికి పొడుగు పేరు, జారేదానికి పొట్టి పేరు పెట్టడం నాకు ఎన్నటికీ నచ్చదు. చెయ్యి పొట్టి పేరు వైపే పోతుంది.

యజమాని తెలియడం ఎంత పెద్ద సంగతో 1997లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ చెబుతుంది. తక్కువ ప్రాధాన్యం ఉన్న పని ఒకటి మ్యూటెక్స్ పట్టుకుంది. ఎక్కువ ప్రాధాన్యం ఉన్న పని దానికోసం ఆగింది. మధ్య ప్రాధాన్యం పనులు అడ్డుపడి, పట్టుకున్నదాన్ని నడవనివ్వలేదు. ముఖ్యమైన పని వేళకు ముగియకపోవడంతో వ్యవస్థ మళ్ళీ మళ్ళీ మొదటికి వచ్చింది. పట్టుకున్నవాడికి, ఎదురుచూసేవాడి ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా అరువిచ్చే ఏర్పాటు ఉంది గానీ ఆ మ్యూటెక్స్‌కు దాన్ని ఆన్ చేయలేదు. భూమ్మీద నుంచి ఆన్ చేశాక సర్దుకుంది. అరువివ్వాలంటే పట్టుకున్నది ఎవరో తెలియాలి. గొళ్ళేనికి ఆ లెక్క ఉండదు.

ఎనిమిదో పేజీ పట్టిక మొత్తం కొట్టేశాను. పైథాన్ 'ఆర్‌లాక్', గో 'ఆర్‌లాక్' ఒకే గడిలో పెట్టావు. పైథాన్‌లో 'ఆర్' అంటే మళ్ళీ ప్రవేశించగలిగేది: అదే థ్రెడ్ రెండుసార్లు పట్టొచ్చు, రెండుసార్లు వదలాలి. గో భాషలో అది 'ఆర్‌డబ్ల్యూ మ్యూటెక్స్' మీద చదవడానికి పట్టే పద్ధతి. అక్కడ ఒకే గోరూటీన్ (గో భాషలో థ్రెడ్ లాంటిది) రెండుసార్లు ఆర్‌లాక్ చేస్తే, ఆ రెండింటి మధ్య రాయడానికి ఇంకొకరు వచ్చి వరసలో నిలబడితే, రెండోది అతని వెనకాల ఆగిపోతుంది. అతను మొదటిది వదిలేదాకా ఆగుతాడు. ఇక ఎవరూ కదలరు. ఒక చోట అనుమతి, ఇంకో చోట ప్రతిష్టంభన, అక్షరాలు మాత్రం అవే. పట్టికలో పెట్టకు, రెండు పేరాలు రాయి.

మ్యూటెక్స్‌కూ సెమఫోర్‌కూ నువ్వు పెట్టిన 'పరస్పర వర్జకం', 'సంకేతస్తంభకం' అన్న మాటల గురించి అడిగావు. తీసేయ్. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం నోట ఉన్న మాట రాతలోనూ ఉండాలని జీవితాంతం పోరాడిన మనిషి. ఈ పని చేసే కుర్రాళ్ళ నోట మ్యూటెక్స్ ఉంది, సెమఫోర్ ఉంది, లాక్ ఉంది. అవే రాయి. సంపాదకులు మార్చమంటారు, మార్చకు. వాళ్ళతో ఇంకో పోరు కూడా ఉంటుంది. కోడు వరసల్ని జాగా కోసం ఎడమకు జరిపి అచ్చేస్తారు. పైథాన్‌లో కప్పను తనే పట్టి తనే వదిలే 'విత్' కింద ఎడమ ఖాళీ పోతే ఆ వరస కప్ప బయటికి వచ్చేసినట్టే. కాపలాలో ఉండాల్సిన పని కాపలా లేకుండా అచ్చవుతుంది, పాఠకుడు దాన్నే కాపీ చేసుకుంటాడు. ప్రూఫు నీ చేతికి ఇవ్వని పత్రికకు కోడు ఇవ్వకు.

వరస కూడా మార్చాలి. ఎక్వైర్, రిలీజ్ ముందు నేర్పి, 'విత్' ఆఖర్న చూపించావు. బ్లాకు రూపమే ముందు రావాలి. పైథాన్ విత్, రూబీలో సింక్రనైజ్, స్విఫ్ట్‌లో విత్ లాక్, రాకు భాషలో ప్రొటెక్ట్. ఈ చివరి పేరు నాకు అన్నిటికన్నా ఇష్టం. కప్ప గురించి కాక, లోపల ఉన్నదాన్ని కాపాడడం గురించి చెబుతుంది, వదలడం మరిచిపోయే వీలే ఇవ్వదు. జావా లాక్‌కు ఆ రూపం లేదు కాబట్టి పట్టే వరస 'ట్రై'కి బయట, వదిలే వరస 'ఫైనలీ'లో ఉండాలని గట్టిగా రాయి. పట్టే వరస ట్రై లోపల ఉండి విఫలమైతే, ఫైనలీ పట్టనిదాన్ని వదలబోయి ఇంకో ఎర్రర్ లేపుతుంది, అసలు ఎర్రర్ దాని కింద కప్పబడిపోతుంది. అదే జావాలో కండిషన్ (కావలసిన స్థితి వచ్చేదాకా థ్రెడ్‌ను నిద్రపుచ్చేది) మీద 'వెయిట్' కాదు, 'అవెయిట్' అనాలి. ప్రతి వస్తువుకూ పుట్టుకతోనే వెయిట్ ఉంది గనక అలవాటుకొద్దీ కొట్టినా కంపైల్ అవుతుంది. నడిపినప్పుడే ఇల్లీగల్ మానిటర్ స్టేట్ అంటూ పడిపోతుంది.

చివరిగా పదో పేజీ. బస్తా లేకపోతే పనివాడు నిద్రపోవాలి, బస్తా రాగానే లేవాలి. నువ్వు 'ఇఫ్' రాశావు, 'వైల్' రాయాలి. లేపడానికీ లేచినవాడు కప్పను మళ్ళీ పట్టడానికీ మధ్య సందు ఉంది. ఆ సందులో అప్పుడే వచ్చిన ఇంకో పనివాడు బస్తా ఎత్తుకుపోతాడు. లేచినవాడు ఇఫ్ దాటేశాడు కాబట్టి ఖాళీ జాబితాలోంచి తీయబోతాడు. కొన్ని వ్యవస్థల్లో ఎవరూ లేపకుండానే మెలకువ వస్తుంది కూడా. నీకు ఇద్దరు పనివాళ్ళతో తప్పు కనపడి ఉండదు. నలుగురిని పెట్టు, బస్తా వచ్చినప్పుడల్లా అందరినీ లేపే 'నోటిఫై ఆల్' చెయ్యి, లక్ష బస్తాలు తిప్పు. ఇఫ్‌తో ఒకసారి, వైల్‌తో ఒకసారి. రెండుసార్లూ తెర మీద ఏం వచ్చిందో అక్షరం మార్చకుండా రాసి, పైథాన్ ఏ వెర్షనో పైన వేసి, మూడు, ఆరు, ఎనిమిది పేజీలతో కలిపి పంపు.

ఆశీస్సులతో.