చిన్నాకి, మొదటి సైడర్ గురించి

చిన్నా,

ఆపిల్ రసం పులియబెట్టి సైడర్ చేయడానికి ఏమేం కొనాలని ఫోన్‌లో అడిగావు కదా, తీరిగ్గా రాస్తున్నాను. బీరు జోలికి ఇప్పుడే పోకు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కషాయాన్ని హాప్స్ అనే చేదు పూలు వేసి గంటసేపు మరిగించాలి, వెంటనే చల్లార్చాలి, దానికి పెద్ద గిన్నె, రాగి గొట్టం చుట్ట కావాలి. సియాటెల్‌లో ఉన్నవాడివి, ఆపిల్ రసంతో మొదలుపెట్టు.

గ్యాలన్ గాజు జాడీ, రబ్బరు బిరడా, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వనిది), హైడ్రోమీటర్ (రసం సాంద్రత కొలిచేది), సన్నటి గొట్టం, శానిటైజర్, రసాన్ని పులియబెట్టే ఈస్ట్ ప్యాకెట్. ముందుగా ఇంతే కొను. రసం సీసా మీద పొటాషియం సోర్బేట్ అని ఉంటే తీసుకోకు, అందులో ఈస్ట్ పెరగదు.

శుభ్రం విషయంలో మీ నాన్నమ్మ ఆవకాయ జాడీని గుర్తు తెచ్చుకో. తడి చెయ్యి తగలనిచ్చేదా? ఇక్కడ తడి ఫర్వాలేదు కానీ, శానిటైజర్ తగలని వస్తువేదీ రసాన్ని తాకకూడదు. చెంచా కూడా.

నురగ పొంగడానికి జాడీలో పైన మూడంగుళాలు ఖాళీ వదులు. ఈస్ట్ సగం ప్యాకెట్ చాలు. 18 నుంచి 20 డిగ్రీల చోట, ఎండ తగలకుండా పెట్టు.

ఇక అసలు సంగతి. మొదటి ఏడాది నేను బుడగలు తగ్గాయి కదా అని, కొలవకుండానే పదో రోజున సీసాల్లో పోసేశాను. మిగిలిన చక్కెర మూసిన సీసాల్లో పులిసి గ్యాస్ పెరిగి, ఓ రాత్రి బేస్‌మెంట్‌లో నాలుగు సీసాలు పేలాయి. గాజు పెంకులు గోడలో దిగబడ్డాయి. పిల్లలు పైన నిద్రపోతున్నారు కాబట్టి సరిపోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అందుకే చెప్తున్నా, బుడగల్ని నమ్మకు. చక్కెర తగ్గేకొద్దీ హైడ్రోమీటర్ అంకె దిగుతుంది: మొదట 1.050 దగ్గర చూపిస్తుంది, రెండు మూడు వారాలకి 1.000 దగ్గరికి దిగుతుంది. అంటే ఆల్కహాల్ ఆరున్నర శాతం. మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచి, అంకె మారకపోతేనే సీసాల్లో పొయ్యి. గ్యాస్ కోసం గ్యాలన్‌కి 20 గ్రాముల చక్కెర, తూచి వెయ్యి. బీరు సీసాలే వాడు, పల్చటి సీసాలు ఆ ఒత్తిడికి ఆగవు.

అమెరికాలో సైడర్ ఇంట్లో చేసుకోవడానికి ఫెడరల్ అనుమతి ఉంది. మీ ఇద్దరికీ కలిపి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. అమ్మకూడదు. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు మాత్రం సరదాకైనా చేయకు, అక్కడ లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే నేరం.

ఈస్ట్ వేసేముందు తీసిన రీడింగ్ తేదీతో సహా నాకు పంపు. అది చూసి తర్వాతి సంగతి చెప్తాను.

మీ బాబాయి