డాక్టర్ కావాలన్న అమ్మాయికి డాక్టరే మెంటర్ కావాలా?

ప్రశ్న: మా పూర్వ విద్యార్థుల సంఘం తరఫున హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లలకు ఒక్కొక్కరికి ఒక మెంటర్‌ను కుదిర్చాం. ఇంజనీరు కావాలన్న అబ్బాయికి ఇంజనీరును, డాక్టర్ కావాలన్న అమ్మాయికి డాక్టర్‌ను చూశాం. మూడు నెలలు తిరక్కుండానే సగం జతలు ఆగిపోయాయి. జత కుదర్చడానికి సరైన పద్ధతి ఏమిటి మేడమ్?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీరు ఉద్యోగం చూసి కలిపారు. మా హనుమకొండ కార్యక్రమంలో మెంటరుగా వస్తామన్నవారిని నేను ముందు అడిగేవి వేరు. మీ ఇల్లు హాస్టలుకు ఎంత దూరం? సెలవు ఏ రోజు? ఏడాదిలోపు బదిలీ అయ్యే సూచన ఉందా? వీటికి తడబడేవారు ఎంత పెద్ద హోదాలో ఉన్నా నమస్కారం పెట్టి పంపేస్తాను.

జత మధ్యలో తెగకుండా ఎక్కువకాలం నిలవాలనే ఇవి అడుగుతాను. ఇది నా పట్టుదల మాత్రమే అనుకోకండి. 1904లో న్యూయార్క్ పిల్లల కోర్టులో గుమాస్తాగా ఉన్న ఎర్నెస్ట్ కోల్టర్, కోర్టుకు వచ్చిన పిల్లలకు తలా ఒక పెద్దమనిషిని తోడు నిలిపే పని మొదలుపెట్టారు. నేటి 'బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్' సంస్థకు మూలాల్లో అదొకటి. ఆ సంస్థ కుదిర్చిన జతలపై జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది, ఆపైన సాగిన జతల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లలకు తమమీద తమకున్న గౌరవం మునుపటికంటే తగ్గింది. అందుకే మీ ఉత్తరం చదివి దిగులుపడ్డాను. ఆగిపోయిన జతల పిల్లలతో ఎవరైనా కూర్చుని మాట్లాడారా? 'నేను నచ్చలేదేమో, అందుకే సారు రావడం లేదు' అనుకునే వయసు వారిది. ఈ వారమే వెళ్లి మాట్లాడండి.

పిల్లల దరఖాస్తులో 'ఏమవుతావు?' అన్న ప్రశ్నతో పాటు 'ఖాళీ దొరికితే ఏం చేస్తావు?' అని కూడా అడగండి. మా దగ్గర ఒక అమ్మాయి మొదటిదానికి డాక్టర్ అని, రెండోదానికి 'కుళాయి పక్కన టమాటా మొక్కలు పెంచుతాను' అని రాసింది. తపాలా ఆఫీసులో పనిచేసే, మేడమీద కూరగాయలు పండించే ఒకావిడను జత చేశాను. చాలా వారాలు వాళ్లు మాట్లాడుకున్నదంతా ఆకుముడత గురించే. ఒక శనివారం మొక్కకు కర్ర కడుతూ కడుతూ ఆ పిల్ల, ఫిజిక్స్ క్లాసుకు వెళ్లాలంటే కడుపులో నొప్పి వస్తోందని చెప్పింది. అంతవరకూ వార్డెనుకు కూడా చెప్పని మాట అది. డాక్టరుతో మాట్లాడించాల్సిన రోజు వచ్చినప్పుడు ఆవిడే ఒకరిని వెతికి తీసుకొచ్చింది.

అమ్మాయికి మహిళనే చూడండి. తల్లిదండ్రుల సంతకం, మెంటర్ గురించి ఇద్దరు తెలిసినవారి హామీ, వార్డెను కంటికి కనిపించేచోటే భేటీ: ఇవి తప్పనిసరి. డబ్బు, ఖరీదైన కానుకలు వద్దు.

మొదటి నెలలో మీరే ఇద్దరికీ విడివిడిగా ఫోను చేయండి. పొసగకపోతే అప్పుడే మార్చండి, నాన్చకండి. వెళ్లిపోయే మెంటర్ స్వయంగా వచ్చి, కారణం చెప్పి వెళ్లాలని చేరిన రోజే మాట తీసుకోండి.