బీఎస్4 డీజిల్ వ్యాన్‌కి రీమ్యాప్: పికప్ వస్తుంది, కానీ ముందు క్లచ్ చూసుకోండి

బెంగళూరు కేఆర్ పురం నుంచి తిరుపతికి తిరిగే 2018 మోడల్ బీఎస్4 (బీఎస్6కి ముందున్న కాలుష్య ప్రమాణం) ఎల్లో బోర్డు వ్యాన్, 1.4 లక్షల కిలోమీటర్లు, ఏసీ వేసి ఫుల్ లోడుతో వస్తుంటే మొగిలి ఘాట్ ఎక్కడానికి మొరాయిస్తోంది, రీమ్యాప్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూలో ఉండే మ్యాప్ అనే సెట్టింగులు మార్చడం) చేయించాలా అని ఒకరు అడిగారు. బండి ఆరోగ్యంగా ఉంటే చేయించొచ్చు. కాకపోతే ఇంత తిరిగిన బండికి పికప్ తగ్గిందంటే సగం కేసుల్లో తప్పు మ్యాప్‌ది కాదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, ఇంటర్‌కూలర్ గొట్టం చీలి ఉంటుంది, లేదా ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) మసి పట్టి తెరిచినట్టే ఉండిపోయి ఉంటుంది. ముందు స్కానర్ పెట్టి, ఈసీయూ అడుగుతున్న బూస్టూ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) నిజంగా వస్తున్న బూస్టూ సరిపోతున్నాయో లేదో చూడండి. ఇంజెక్టర్లకు లీక్-బ్యాక్ టెస్ట్ (ఒక్కోటి ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో చూసేది) కూడా చేయించండి. ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువ వదులుతుంటే రీమ్యాప్ మాట పక్కన పెట్టాలి.

అన్నీ బాగుంటే, స్టేజ్ 1లో (విడిభాగాలు మార్చకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చేది) టర్బో డీజిల్‌కి టార్క్ (లాగే బలం) 20 శాతం దాకా పెరగడం మామూలే. డీజిల్ పోసే మోతాదు, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ వెళ్లే ఒత్తిడి), బూస్ట్, టార్క్ లిమిటర్, స్మోక్ లిమిటర్ (గాలికి మించి డీజిల్ పోయకుండా ఆపే హద్దు), వీటిలోని అంకెలు మార్చడమే ఆ పని. మైలేజ్ ఆశతో మాత్రం చేయించకండి. హైవేలో గేర్ దించడం తగ్గుతుంది కాబట్టి కొంచెం కలిసొస్తుంది, సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడే బండికి ఏమీ మిగలదు.

మొదట దెబ్బ తినేది క్లచ్. నాలుగో గేర్‌లో 1500 ఆర్‌పీఎమ్ నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడండి. ఆర్‌పీఎమ్ ఎగబాకి వేగం పెరగకపోతే క్లచ్ ఇప్పటికే జారుతోంది, కొత్త సెట్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. అందుకే 1500 లోపు టార్క్ ఒక్కసారిగా పెంచొద్దని ట్యూనర్‌కి గట్టిగా చెప్పాలి. కింద గేర్ల పికప్ చూపించి మెప్పించడానికి చాలామంది సరిగ్గా అక్కడే పెంచుతారు.

తర్వాతి వంతు టర్బోది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి పలచన. అదే బూస్ట్ తెప్పించాలంటే చెన్నైలో కంటే ఇక్కడ టర్బో ఎక్కువ వేగంగా తిరగాలి. అక్కడ సరిపోయిన ఫైల్‌ని ఇక్కడ కాపీ కొట్టకూడదు. గాలికి మించి డీజిల్ పోస్తే నల్లపొగ, ఎగ్జాస్ట్ వేడి రెండూ పెరుగుతాయి. ఘాట్‌లో నిమిషాల తరబడి తొక్కి పట్టే బండికి అసలు ప్రమాదం ఆ వేడే. టర్బో ముందు 700 డిగ్రీలు దాటనివ్వని మ్యాప్ అడగండి. ఘాట్ ఎక్కాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. ఇంజన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లకి మార్చేవారైతే 7,500కే మార్చండి.

పొల్యూషన్ టెస్ట్‌లో బీఎస్4 డీజిల్‌కి పొగ 50 హెచ్‌ఎస్‌యూ (పొగ ఎంత దట్టంగా ఉందో కొలిచే యూనిట్) దాటకూడదు. స్మోక్ లిమిటర్ తీసేసిన మ్యాప్ ఇక్కడే దొరికిపోతుంది. 80 కిలోమీటర్ల స్పీడ్ గవర్నర్‌ని ముట్టుకోనివ్వకండి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్లినప్పుడు రీమ్యాప్‌ని అనుమతి లేని మార్పుగా లెక్కేస్తే, మోటారు వాహనాల చట్టం 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే క్లెయిమ్ దగ్గర మడత పేచీ. వారంటీలో ఉన్న బీఎస్6 బండికైతే నా సలహా వద్దనే. డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి త్వరగా నిండుతుంది, దాన్ని తీయించేస్తే కథ ఇంకా ముదురుతుంది.

ట్యూనింగ్ బాక్స్ చవక కదా అంటారు. అది రైల్ ప్రెషర్ సెన్సర్ రీడింగ్‌ని తక్కువ చేసి చూపించి, పంపు ఎక్కువ ప్రెషర్ తెచ్చేలా ఈసీయూని బోల్తా కొట్టిస్తుంది. పాత ఇంజెక్టర్లకి అది మంచిది కాదు.

చేయించే రోజు ఒరిజినల్ ఫైల్ చదివించి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఫ్లాష్ చేస్తున్నంతసేపూ (కొత్త ఫైల్ ఈసీయూలోకి ఎక్కిస్తున్నంతసేపూ) బ్యాటరీకి స్టెబిలైజ్డ్ చార్జర్ ఉండాలి, మధ్యలో వోల్టేజ్ పడితే ఈసీయూ పోవచ్చు. తర్వాత సర్వీస్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేస్తే రీమ్యాప్ చెరిగిపోతుంది, బండి ఇచ్చేటప్పుడే అప్‌డేట్ వద్దని జాబ్ కార్డులో రాయించండి.